సూది నిలిచిన చోటు

"నిన్న నా కాలి మీద టీ ఒలకబోసింది ఎవరక్కా?" అని అడిగాడు వీరభద్రం, కుర్చీలో కూర్చుంటూనే.

మంగతాయారు చేతిలో ఉన్న తలపట్టీని బల్ల మీద పెట్టి తమ్ముడి ముఖంలోకి చూసింది.

"ఏమన్నావురా?"

"టీ అక్కా. వేడివేడిది. ఆ కళ్లజోడాయన తెస్తా తెస్తా తీగ తన్నుకుని పడబోయాడు చూడు. చుర్రుమంది." పంట్లాం పైకి లాగి చూపించాడు. మోకాలి కింద చిన్న ఎర్రమచ్చ ఉంది.

అద్దాల గోడకి అవతల కంప్యూటర్ల ముందు కూర్చున్న ఫణీంద్ర లేచి నిలబడ్డాడు. కళ్లజోడాయన అతనే. టీ ఒలికిన మాట నిజమే. కాని అది నిన్నటి సంగతి. వీరభద్రానికి నిన్న అనేది లేక ఐదేళ్లయింది.

అతను కాకినాడ రేవులో టగ్గుబోటు నడిపే సారంగు. పెద్ద ఓడలకి తాళ్లు కట్టి ఒడ్డుకి లాక్కొచ్చే చిన్న బోట్లు అవి. ఒక మధ్యాహ్నం లాగుడు తాడు పుటుక్కున తెగి, కొరడాలా వచ్చి తలకి తగిలింది. ప్రాణం దక్కింది. నడకా మాటా నవ్వూ దక్కాయి. పాత సంగతులన్నీ దక్కాయి. కొత్త సంగతి మాత్రం నిలవడం మానేసింది. ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నంతసేపూ అన్నీ తెలుస్తాయి. దృష్టి కాస్త పక్కకి మళ్లిందా, అంతే. అన్నం తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, "కుసుమా, ఆకలేస్తంది, వడ్డించెయ్" అంటాడు భార్యతో. అతని లెక్కలో కూతురు తన్వి ఇంకా నేల మీద పాకుతూనే ఉంది. తన్వి ఒకటో తరగతికి వెళ్తోందని రోజుకి ఎన్నిసార్లు చెప్పినా అది అతనికి కొత్త సంగతే.

తల్లి పోయేనాటికి భద్రం ఐదేళ్లవాడు. తండ్రి ఓడల మీద కళాసీ, ఇల్లు పట్టి ఉండేవాడు కాదు. తొమ్మిదేళ్లు పెద్దదైన మంగతాయారే వాడికి స్నానం పోసి, అన్నం పెట్టి, ఒళ్లో పడుకోబెట్టుకుని తన చదువు చదువుకుంది. ఆ చదువు విశాఖపట్నం, అక్కణ్ణుంచి బెంగళూరు తీసుకెళ్లి ఆమెని మెదడు డాక్టర్ని చేసింది. తమ్ముడికి దెబ్బ తగిలిందన్న కబురు అందాక బెంగళూరు ఉద్యోగం వదులుకుని కాకినాడ వచ్చేసి, బీచ్ రోడ్డులో కొత్తగా పెట్టిన జ్ఞాపక పరిశోధనాలయంలో చేరింది.

అక్కడ వాళ్లు కనిపెట్టిన విషయం చెప్పుకోవడానికి చిన్నదే. మనిషి జ్ఞాపకాలు మెదడులో ఒకదాని వెనక ఒకటి, పడ్డ వరసలోనే ఉంటాయి. ఏ క్షణానైనా మెదడు ఆ వరసలో ఒక్క చోటే నిలబడి ఉంటుంది. ఆ చోటుకి వాళ్లు సూది అని పేరు పెట్టుకున్నారు. తలపట్టీలో ఉన్న అయస్కాంతాలతో సూదిని ముందుకీ వెనక్కీ జరపవచ్చు. భద్రం సూది తాడు తెగిన రోజు దగ్గర ఇరుక్కుపోయింది. ఆ తరవాత పడ్డదంతా ఒకే చోట, ఒకదాని మీద ఒకటి పడి చెరిగిపోతోంది. దాన్ని చివరికి, ఖాళీగా ఉన్న చోటికి తోయాలని వాళ్ల ప్రయత్నం. ముందుకి తోస్తే కదల్లేదు. అసలు కదులుతుందో లేదో చూద్దామని నిన్న వెనక్కి తిప్పారు. అది సునాయాసంగా వెళ్లి చిన్నతనంలో ఒక రోజు మీద ఆగింది. అక్క తనని వాకలపూడి లైట్‌హౌస్ ఎక్కించిన రోజు. భద్రం కళ్లు మూసుకుని ఆ రోజంతా చెప్పుకుపోయాడు. ఎన్ని మెట్లెక్కాక కాళ్లు నొప్పి పుట్టిందో, పైనుంచి పడవలు చీమల్లా ఎలా కనిపించాయో. సరిగ్గా అప్పుడు ఫణీంద్ర టీ తెచ్చాడు.

మంగతాయారు కుసుమకి ఫోన్ చేసింది. కుసుమ మెయిన్ రోడ్డులో బట్టల కొట్లో పనిచేస్తుంది. చీర మడత సగంలో వదిలేసి ఆటో ఎక్కి వచ్చింది.

"ఏవండీ, నిన్న ఏమైందండీ?"

"చెప్పాను కదే, టీ పడిందని."

కుసుమ మొగుడి కాలి మీద మచ్చని వేలితో తడిమి చూసి, అక్కడే నేల మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. ఫణీంద్ర బయటికి పరుగెత్తి కాజాల పొట్లం తెచ్చాడు. "ముందే తెలిస్తే ఐదేళ్ల కిందటే టీ పోసేవాణ్ణండీ" అన్నాడు. అందరూ నవ్వారు.

ఆ సంబరంలోనే మంగతాయారు, "లైట్‌హౌస్ సంగతి మీ ఆవిడకి కూడా చెప్పరా" అంది.

"ఏ లైట్‌హౌసక్కా?"

"వాకలపూడిదే. నేను ఎక్కించాను కదా నిన్ను."

"నన్నా? నువ్వెప్పుడు ఎక్కించావు?" భద్రం నిజంగానే ఆలోచించాడు. "లేదక్కా. నేనెప్పుడూ ఎక్కలేదు దాన్ని."

కాజా మంగతాయారు నోట్లోనే ఉండిపోయింది.

*

"మనం రెండు సూదులున్నాయనుకున్నాం మేడమ్" అన్నాడు ఫణీంద్ర. అందరూ వెళ్లిపోయాక కంప్యూటరు ముందు కూర్చుని ఒక పెద్ద ఫైలు తెరిచాడు. "చదివేది ఒకటి, రాసేది ఒకటి అని. కాదు. ఒకటే. చదవడానికని వెనక్కి పంపాం. రాతా దాంతోపాటే వెనక్కి వెళ్లింది. చూడండి."

సూదిని ఫైలు నడిమికి పంపి అక్కడ 'టీ' అని రాశాడు. అక్కడున్న పాత అక్షరం పోయి 'టీ' వచ్చింది.

"పాతవి పక్కకి జరుగుతాయి కదా?" అంది మంగతాయారు. "ఫోన్లో ఉత్తరం రాస్తే జరుగుతాయిగా."

"అది పైనున్న ప్రోగ్రాం మనకి చేసే మర్యాదండీ. అడుగున ఫైలుకి ఆ మర్యాదలేమీ తెలియవు. సూది ఎక్కడుంటే అక్కడ రాస్తుంది. కింద ఏముందో చూడదు. చివరికి పంపి రాస్తే బాధ లేదు, ఫైలు పొడుగవుతుందంతే, పాతది పాతదిగా ఉంటుంది. భద్రం గారికి ఆ చివరే చిరిగిపోయింది. అంచు బాగుచేసే దారి దొరకాలి. అందాకా..."

అతను ఆపేసిన మాట ఆమే పూర్తి చేసుకుంది. అందాకా కొత్త రోజు కావాలంటే ఒక పాత రోజు ఇచ్చుకోవాలి.

తరవాత వారాల్లో మరో సంగతి తేలింది. సూది ఎక్కడ పెడితే అక్కడ నిలవడం లేదు. జారి మళ్లీ తాడు తెగిన రోజుకే వచ్చేస్తోంది. మనిషి మాటిమాటికీ తలుచుకుని లోతుగా అరగదీసుకున్న చోట్లలోనే అది నిలుస్తోంది. భద్రానికి అలాంటివి రెండే ఉన్నాయి. ఒకటి, అమ్మ పోయాక అక్క చేతిలో పెరిగిన చిన్నతనం. రెండోది, కుసుమతో పెళ్లయ్యాక గడిపిన రోజులు.

*

"మా పెళ్లి రోజులు తీసేయండి వదినా" అంది కుసుమ.

జగన్నాథపురంలో వాళ్ల వంటింట్లో కూర్చుని ఇద్దరూ గోంగూర ఆకు తుంచుతున్నారు. భద్రం వీధి అరుగు మీద పేపరు చదువుతున్నాడు, పొద్దుట్నుంచీ అదే పేపరు.

"నాకంతా గుర్తుంది కదండీ. ఇద్దరికీ సరిపోయేంత గుర్తుంది. రోజూ కూర్చోబెట్టి చెప్పుకుంటాను."

"నోరు ముయ్యి. మొగుడి తలలోంచి పెళ్లాన్ని తీసేసే డాక్టర్నా నేను? చిన్నతనం తీద్దాం. చిన్నతనంతో ఎవరికేం పని?"

"చిన్నతనమంటే అందులో ఉన్నది మీరే కదండీ."

"నేనెక్కడికి పోతాను? ఎదురుగుండానే ఉంటాగా."

"మరి నేను మాత్రం ఎక్కడికి పోతానండీ?"

ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నాది తీసెయ్యంటే నాది తీసెయ్యని పోట్లాడుకునే వదినామరదళ్లు ఆ వీధిలో ఇంకెవరూ లేరనిపించి కుసుమకి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. మంగతాయారు గోంగూర చేత్తోనే ఆమెని దగ్గరికి తీసుకుంది.

కాని అడగవలసింది భద్రాన్ని. సొంత అక్క అడిగి ఒప్పించకూడదని నిబంధన. పరిశోధనాలయంలో మరో డాక్టరు కూర్చుని అంతా విడమరిచి చెప్పాడు. భద్రం ఓపిగ్గా విన్నాడు.

"నాకిప్పుడు ఏం లోటండీ?" అన్నాడు చివరికి. "అమ్మ పోయిన దగ్గర్నుంచి అక్క ఉంది. పెళ్లయిన దగ్గర్నుంచి కుసుమ ఉంది. పాప పాకుతా ఉంది. రెండు కళ్లలో ఏది పొడిపించుకుంటావని అడుగుతున్నారు మీరు. నాకొద్దండీ."

మరో రోజు అడిగారు, వేరే మాటల్లో. అదే జవాబు.

"ఆయనకి లోటు తెలీదు వదినా" అంది కుసుమ. "లోటంతా మనకే. మన లోటు కోసం ఆయన్ని కొయ్యకూడదు కదా."

మంగతాయారు తలపట్టీని బీరువాలో పెట్టేసింది.

*

వర్షాకాలం వెళ్లిపోయింది. ఒక ఆదివారం పొద్దున్న మంగతాయారు తమ్ముడి ఇంటికి వచ్చి, గేటు దగ్గరే ఆగిపోయింది.

అరుగు మీద భద్రం కూర్చుని ఉన్నాడు. లోపలి నుంచి తన్వి ఇడ్లీ పళ్లెంతో వచ్చింది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు భద్రం.

ఆ ప్రశ్నకి ఏం జరుగుతుందో మంగతాయారుకి తెలుసు. "నేను తన్విని నాన్నా" అంటుంది పిల్ల. అతను అదిరిపడతాడు. పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి ఎత్తు చూస్తాడు. ఎన్నేళ్లు పోయాయి, నేనేమైపోయాను అని వణికిపోతాడు. ఏడుస్తాడు. కాసేపటికి మరిచిపోతాడు. మళ్లీ మొదలు.

"పక్కింటి పిల్లనండి" అంది తన్వి.

భద్రం ముఖం తేటగా అయింది. "అలాగా! రా, కూర్చో. ఇడ్లీ నువ్వు తిన్నావా? ఇదిగో, సగం తీసుకో." ఇద్దరూ ఒకే పళ్లెంలో తిన్నారు. తరవాత అతను చూరుకి వేలాడుతున్న తాడు ముక్క తెంపి, ఓడలకి కట్టే ముడి ఎలా వెయ్యాలో ఆమెకి చూపించాడు. తాడు కొసే కుందేలు. అది బొరియలోంచి వస్తుంది, చెట్టు చుట్టూ తిరుగుతుంది, మళ్లీ బొరియలోకి దూరుతుంది. తన్వి చకచకా వేసేసింది.

"ఓసినీ! ఒక్కసారికే వచ్చేసిందే! మా కళాసీలకి నెల పట్టుద్ది" అన్నాడు భద్రం. "మాకూ ఒక పాప ఉందిలే. ఇంకా పాకుతా ఉంది. పెద్దదైతే నీలాగే చలాకీగా ఉండాల."

"ఉంటదండి" అంది తన్వి.

మంగతాయారు గేటు ఊచ పట్టుకుని నిలబడింది. పిల్ల ఖాళీ పళ్లెంతో లోపలికి వెళ్తుంటే పెరటి వైపు నుంచి వచ్చి పట్టుకుంది.

"ఎందుకే అలా చెప్పావు?"

"నిజం చెప్తే ఏడుస్తున్నారు కదత్తా. పక్కింటి పిల్లనంటే ఆడుకుంటున్నారు."

"ఎన్నాళ్ల నుంచి?"

తన్వి భుజాలెగరేసింది. "బడి తెరిచిన కాడ్నుంచి." ఇంకా ఏదో చెప్పబోయి, గొంతు తగ్గించింది. "అమ్మకి చెప్పకు. అలా చెప్తున్నానని తెలిస్తే అమ్మ కూడా ఏడుస్తది."

మంగతాయారు పిల్లని చెయ్యి పట్టుకుని అరుగు మీదకి తీసుకొచ్చింది. నిబంధనలు ఆ క్షణంలో ఆమెకి గుర్తు రాలేదు.

"భద్రం, ఈ పిల్ల చెయ్యి పట్టుకో. గట్టిగా పట్టుకో. నేను చెప్పేదయ్యేదాకా వదలకు."

మొదటి నుంచి చెప్పింది. తాడు తెగడం, ఐదేళ్లు, పాకే పాప, పక్కింటి పిల్ల, సూది, దానికి ఇచ్చుకోవలసిన పాత రోజులు. భద్రం కూతురి ముఖాన్నే చూస్తూ విన్నాడు. ఎప్పటిలాగే కళ్లు నిండాయి. కాని ఈసారి చెయ్యి వదల్లేదు. వదిలితే ఈ ముఖం పోతుందని అతనికి తెలిసింది.

"నన్ను చూసి జాలిపడి అబద్ధం ఆడిందా ఇది? ఇంత పిల్ల?" అన్నాడు. తన్వి చేతికి చెమట పట్టినా లాక్కోలేదు.

"చిన్నతనం తీసెయ్ అక్కా."

మంగతాయారు తల ఊపింది. అదే కావాలనుకుంది. అయినా, "అదే ఎందుకురా?" అని అడిగింది.

"కుసుమ మూడు ముళ్లు వేయించుకుని వచ్చింది నా కాడికి. ఆ రోజులు మర్చిపోతే అది నాకు ఎవరో ఆడమనిషైపోద్ది. నిన్ను మర్చిపోయినా నువ్వు అక్కవే. అది పుటకతో వచ్చింది. నేను మర్చిపోతే పోయేది కాదు."

తరవాత ఆ మరో డాక్టరు ఎదుట ఎన్నో రోజులు, ఎన్నో రకాలుగా అడిగారు. ప్రతిసారీ తన్వి చెయ్యి పట్టుకుని విన్నాడు. ప్రతిసారీ, ముందు చెప్పినట్టు తెలియకుండానే, అదే మాట చెప్పాడు. అప్పుడే సంతకం తీసుకున్నారు.

అతను ఒక్కటే అడిగాడు. "పోయేలోగా ఒకసారి మొత్తం చూసుకుంటానక్కా. నువ్వు పక్కన కూర్చో."

*

చూసుకుంటున్నప్పుడు పక్కవాళ్లెవరూ నోరు మెదపకూడదు. బయటి నుంచి వచ్చిన ప్రతి మాటా ఆ పాతరోజు మీద పడుతుంది. అందుకని మంగతాయారు గది తలుపులు వేసి, గాజులు తీసేసి, తమ్ముడి పక్కన కూర్చుంది. ఫణీంద్ర అద్దాల అవతల నుంచి సూదిని కొద్దికొద్దిగా జరిపేవాడు. భద్రం కళ్లు మూసుకుని చెప్పేవాడు.

చాలావరకు ఆమెకి తెలిసినవే. జ్వరంలో జావ తాగనని చేసిన మారాం. తండ్రి ఓడ దిగి వచ్చిన రోజు తెచ్చిన ఎర్ర చొక్కా. ఆమె పరీక్ష పుస్తకం మీద వాడు బొమ్మలేసి, దెబ్బ తిని, మంచం కింద దాక్కోవడం. నవ్వొచ్చినప్పుడల్లా మంగతాయారు పైట నోటికి అడ్డం పెట్టుకునేది.

ఒక రోజు అతను ఇలా చెప్పాడు:

"మధ్యాహ్నం. కరెంటు పోయింది. అక్క నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని విసురుతా చదువుకుంటంది. నేను నిద్రపోయాననుకుంటంది. నిద్రపోలేదు. అక్క పుస్తకం పక్కన పెట్టేసింది. అమ్మ చీర కొంగు ముఖానికి పెట్టుకుని ఏడుస్తంది. నా చెంప మీద పడ్డాయి రెండు చుక్కలు. నేను కళ్లు తెరవను. తెరిస్తే ఆపేస్తది. ఏడవనీ. తరవాత లేచి అన్నమంతా తినేస్తాను, పారబొయ్యకుండా."

మంగతాయారుకి ఆ మధ్యాహ్నం గుర్తుంది. వాడు గాఢంగా నిద్రపోయాడనే ఇన్నేళ్లూ అనుకుంది. లేచాక ఎప్పుడూ లేనిది అన్నమంతా తిన్నాడని ఆనాడు సంతోషించింది కూడా. ఒరే తండ్రీ అని పిలవాలని గొంతుదాకా వచ్చింది. పిలవలేదు. రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని, భుజాలు కదులుతుంటే అలాగే కూర్చుంది. అద్దాల అవతల ఫణీంద్ర తల దించుకున్నాడు.

*

చిన్నతనం మొదట్లో సూదిని నిలిపిన రోజు తన్విని బడి మానిపించి తండ్రి ఎదురుగా కూర్చోబెట్టారు. ఇద్దరూ సాయంత్రం దాకా కబుర్లు చెప్పుకున్నారు. మర్నాడు పొద్దున్న కుసుమ పాలు కాస్తుంటే అరుగు మీద నుంచి కేక వినిపించింది.

"తన్వీ! రేపు పళ్లు తోముకోకుండానే బడికెళ్తానని నిన్న అన్నావు. తోముకున్నావా?"

తన్వి బ్రష్షు నోట్లో పెట్టుకునే వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, నాన్న నన్ను తిట్టారు!" అంది, నురగంతా కారిపోతుంటే.

రోజూ పొద్దున్నే భద్రం పరిశోధనాలయానికి వచ్చి తలపట్టీ పెట్టుకునేవాడు. సూది నిన్న ఆగిన చోటికి వెళ్లేది. అక్కణ్ణుంచి ఆ రోజు మొదలు. మెల్లగా అతనికి ఒక కాలం కూడబడింది. తన్వి పంతులమ్మ పేరు తెలిసింది. రొయ్యల ధర పెరిగిందని విసుక్కున్నాడు. పోయిన ఐదేళ్ల కోసం ఒకసారి తనివితీరా ఏడ్చాడు. మర్నాటికి ఆ ఏడుపు కూడా గుర్తుంది కాబట్టి మళ్లీ ఏడవవలసిన అవసరం రాలేదు. రేవులో ఒడ్డు మీద చిన్న పని కూడా ఇచ్చారు.

పరిశోధనాలయంలో మాత్రం పరుగు పందెం నడుస్తోంది. చిన్ననాటి ఒక ఏడాదిలో ఎవరికైనా మిగిలేవి కొన్ని రోజులే. కొత్త రోజులు నిండుగా ఉండి వాటిని గబగబా తినేస్తున్నాయి. చిన్నతనం అయిపోయేలోగా చిరిగిన అంచుని బాగుచెయ్యాలి. ఫణీంద్ర జుట్టు పీక్కునేవాడు. మంగతాయారు బల్ల మీదే అన్నం తినేది.

ఆ పనిలో పడి తమ్ముడి ఇంటికి వెళ్లక చాలా రోజులైంది. వెళ్లిన రోజు, ఆమెని గేటు దగ్గర చూసి భద్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"రండక్కా, కూర్చోండి. కుసుమా, డాక్టరక్క వచ్చారు, కాఫీ పెట్టు."

లోపల గిన్నె కింద పడ్డ చప్పుడైంది. "ఏంటండీ ఆ మాట! అక్కని మీరంటారేంటి?" అంటూ కుసుమ బయటికి వచ్చింది.

"ఏమన్నాను? పెద్దావిడ కదా."

అతని తప్పేం లేదు. ఒళ్లో పడుకోబెట్టుకున్న అక్క పోయింది. మిగిలింది, చదువుల కోసం వెళ్లిపోయి పండక్కీ పబ్బానికీ పెట్టెతో దిగి, రెండు రోజులుండి వెళ్లే అక్క. రోజూ తలపట్టీ పెట్టే డాక్టరు. ఆ అక్కంటే అతనికి చాలా గౌరవం.

మంగతాయారు కుర్చీలో కూర్చుంది. కాఫీ బాగుందంది. తన్వి లెక్కల్లో మార్కుల గురించి అడిగింది. వెళ్లేటప్పుడు భద్రం గేటు దాకా వచ్చి, "జాగర్తండీ, వానొచ్చేలా ఉంది" అన్నాడు. ఆటోలో కూర్చున్నాక ఆమె డ్రైవరుతో, "కాసేపు బీచ్ వైపు పోనీ బాబూ" అంది.

వారం తిరక్కుండా భద్రమే ఫోన్ చేశాడు. "అక్కా, ఒక మాట అడగొచ్చా? అమ్మ ముఖం నాకు రావట్లేదండీ. మనమ్మ ఎలా ఉండేది?"

అప్పటి నుంచి ఆదివారాలు ఆమె వాళ్లింట్లోనే. అమ్మ చామనచాయని, నవ్వితే కింది పెదవి ఒక పక్కకి వెళ్లేదని, చేపల పులుసులో మామిడికాయ వెయ్యకపోతే నాన్న అలిగేవాడని చెప్పింది. భద్రం చిన్నపిల్లాడిలా వినేవాడు. పక్కన తన్వి అంతకంటే శ్రద్ధగా వినేది. "నాన్నా, నువ్వు మంచం కింద దాక్కున్నావంట!" అని వెక్కిరించేది.

"మేడమ్, మీరు చెప్పే ఈ కబుర్లు కూడా ఆ పాతరోజుల మీదే పడుతున్నాయి" అన్నాడు ఫణీంద్ర, కాస్త దిగులుగా.

"పడనీ ఫణీ. వాడి చిన్నతనం మీద వాడి చిన్నతనమే కదా పడుతోంది."

రెండో ఎండాకాలం మొదలయ్యేసరికి అంచు అతుక్కుంది. సూది మొదటిసారి చివరికి వెళ్లి, అక్కడ జారకుండా నిలిచింది. ఇక కొత్త రోజు పాతదాన్ని చెరపదు. అప్పటికి భద్రం చిన్నతనం పదో తరగతి దాకా పోయింది. పోయింది రాదు. మిగిలింది మిగిలింది.

ఆ ఆదివారం అందరూ భోజనాలు చేశాక తన్వి కారమ్స్ బోర్డు తెచ్చి నడింట్లో వేసింది. అత్తా నాన్నా ఒక ఆట ఆడాల్సిందేనంది.

"మీరు కొట్టండక్కా ముందు" అన్నాడు భద్రం.

మంగతాయారు కారమ్స్‌లో పుట్టు దొంగ. తమ్ముడు పౌడరు చల్లుతూ అటు తిరగ్గానే చిటికెన వేలితో ఒక కాయని రంధ్రం అంచుకి తోసింది. భద్రం చూశాడు. చూసి ఊరుకున్నాడు. డాక్టరక్కని ఏమంటాడు? కాసేపటికి ఆమె ఇంకోటి తోసింది. అతను గొంతు సవరించుకున్నాడు గాని ఏమీ అనలేదు. ఆఖరికి ఎర్రకాయ ఒక్కటే మిగిలింది. తన్వి మంచినీళ్లు ఇస్తుంటే భద్రం గ్లాసు అందుకున్నాడు. మంగతాయారు వేలు మెల్లగా కదిలింది.

"ఏయ్ అక్కా! తొండి!" భద్రం గ్లాసు కింద పెట్టేసి బోర్డు మీద చెయ్యి వేశాడు. "నువ్వు తోశావు! నేను చూశాను! ఇందాకట్నుంచీ చూస్తన్నాను నిన్ను!"

వంటింటి గుమ్మంలో కుసుమ ఆగిపోయింది. ఏమన్నాడో భద్రానికి అప్పుడు తట్టింది. చెవులు ఎర్రబడ్డాయి.

"అయ్యో, తప్పయిపోయింది. ఆటలో పడి, నోరు జారి... మీరేం అనుకోకండక్కా."

మంగతాయారు ఎర్రకాయని పిడికిట్లో పట్టుకుని కూర్చుంది.

"అనుకునేదేంట్రా? మళ్లీ అను."

"ఏమనాలండీ?"

"ఇందాక అన్నావు కదా. నేను తొండిదాన్నని."

భద్రం కుసుమ వైపు చూశాడు. కుసుమ కళ్లు తుడుచుకుంటూ తలూపింది. తన్వి నాన్న భుజం తట్టి, "అను నాన్నా, నిజమే కదా" అంది.

"నువ్వు తొండిదానివి" అన్నాడు భద్రం. అనేశాక అతనికే నవ్వొచ్చింది. "ఉత్త తొండిదానివి. ఆ కాయ ఇటియ్యి ముందు."

"ఇవ్వను, ఏం చేస్తావు?" అంది మంగతాయారు.

మర్నాడు పొద్దున్న అతను పరిశోధనాలయానికి వచ్చేసరికి ఫణీంద్ర, సూది చివర్నే నిలిచి ఉందో లేదో చూడటానికి, తలపట్టీ సర్దుతున్నాడు. భద్రం కుర్చీలో కూర్చుని, అక్క వైపు ఓరగా చూసి, అతన్ని దగ్గరికి పిలిచాడు.

"ఫణి గారూ, మీకో మాట చెప్తాను, ఎప్పుడన్నా పనికొస్తది. మా అక్కతో మాత్రం కారమ్స్ ఆడకండి."